సైబరాబాదు మేడలును పత్రికల ధర్మమును

రహదారి వేయుటకును, కాలువ త్రవ్వుటకును, పన్ను విధించుటకును ముందు ప్రజల అభిప్రాయము తెలిసికొనవలెననుట ప్రజాప్రభుత్వమునకు మొదటి పాఠము. ఈ పాఠమును మనవారు చాలవరకు నేర్చినారు. చెరువుకట్ట తెగినచో రైతు పత్రికకు జాబు వ్రాయును. కుళాయికి నీరు రాకున్న పట్టణవాసి వ్రాయును. కాని మన మాటను మోసికొనిపోవు తంతులును తరంగములును, మన పేరును ఊరును వ్రాసి భద్రపరచు యంత్రములును కలవే, వీనిని గూర్చిన శాసనములు ఏ గదిలో పుట్టుచున్నవో, ఎవరి సలహాతో పెరుగుచున్నవో మనకు తెలియుట లేదు. తెలియునప్పటికి పురుడును బారసాలయు ముగిసియుండును. మనకు మిగులునది అక్షింతలు చల్లుట మాత్రమే.

ఇట్లు జరుగుటకు కారణములు మూడు. ప్రభుత్వము దాచును; కంపెనీ మెరుగుపెట్టి చూపును; పత్రిక అడుగదు. మొదటి రెండును వారి వారి స్వభావములు. మూడవది స్వభావము కాదు, అలవాటు. అలవాటును మార్చుకొనవచ్చును. కావున ఈ వారము మూడవదానిని గూర్చియే వ్రాయదలచితిమి. యంత్రవిద్యకును సమాచారప్రసారమునకును సంబంధించిన రాజనీతిని రూపొందించుటలో పత్రికల పాలు ఎంత ఉన్నది, ఎంత ఉండవలెను అనునది ప్రశ్న. దీనికి నిదర్శనములు వెదకుటకు సముద్రములు దాటనక్కరలేదు. మాదాపురము, గచ్చిబౌలి, జహీరాబాదు చాలును.

1998 నవంబరు 22వ తేదీన మాదాపురమున సైబర్ టవర్సు అను సౌధమును నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు ప్రారంభించిరి. అంతకు ముందటి సంవత్సరమే నాటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడుగారు మైక్రోసాఫ్టు అధిపతియగు బిల్ గేట్సును కలిసికొనియుండిరి. 1998లోనే ఆ కంపెనీ తన కేంద్రమును హైదరాబాదున నెలకొల్పెను. 1999 జనవరిలో మెకిన్సీ అను విదేశీయ సలహాసంస్థ తోడ్పాటుతో సిద్ధమైన విజన్ 2020 అను ప్రణాళిక వెలువడెను. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటను హైటెక్ సిటీకి వచ్చి ఉపన్యసించెను. మరుసటి సంవత్సరము సైబరాబాదు అభివృద్ధి సంస్థ ఏర్పడెను. మేకలు మేసిన రాళ్లగుట్టల నడుమ అద్దాల మేడలు లేచినవి.

ఈ నిర్మాణమును మేము తృణీకరించువారము కాము. 2022-23లో తెలంగాణము నుండి ఎగుమతియైన ఐటీ సేవల విలువ 2 లక్షల 41 వేల కోట్ల రూపాయలను దాటెననియు, ఆ రంగమున పనిచేయువారు 9 లక్షలకు మించిరనియు ప్రభుత్వపు లెక్కలు చెప్పుచున్నవి. శ్రీకాకుళము నుండియు, అనంతపురము నుండియు, ఆదిలాబాదు నుండియు వచ్చిన రైతుబిడ్డలెందరో ఈ మేడలలో కూలి సంపాదించి తల్లిదండ్రుల అప్పులు తీర్చిరి. మంచిని మంచియని వ్రాయుట పత్రికకు తగును. కాని వందిమాగధుల పని వేరు, పత్రికల పని వేరు. ఆ దినములలో ప్రారంభోత్సవములును, అతిథుల ఛాయాపటములును మొదటి పుటలను నింపినవి. ఎన్ని ఎకరముల నేల ఏ ధరకు పోయినది, అది ఎవరి పొలము, పన్నులలో వదలుకొన్నదెంత, తెలుగుబడిలో చదివిన పిల్లవానికి ఆ మేడ తలుపు తెరచుకొనునా అను ప్రశ్నలకు లోపలి పుటలలో ఏ మూలనో చోటు దొరకినది. 2004లో ఆ ప్రభుత్వము ఎన్నికలలో ఓడిపోయినప్పుడు ఆశ్చర్యపడినవారిలో పత్రికలవారు అనేకులుండిరి. మేడను చూచినవారు మెట్టపైరును చూడలేదు.

అటు పిమ్మట మరియొక పాఠము వచ్చినది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్సు అధిపతి రామలింగరాజు తన సంస్థ లెక్కలలో వేల కోట్ల రూపాయలు లేని సొమ్మును ఉన్నట్లు చూపితినని లేఖ వ్రాసికొనెను. అంతకు కొలది మాసముల క్రిందటనే ఆ సంస్థ సుపరిపాలనకు బహుమానమందియుండెను. గమనింపవలసినది ఇది: ఆ దొంగలెక్కను లోకమునకు చాటినది పత్రికాపరిశోధన కాదు, ఆ సంస్థాధిపతి చేవ్రాలే. సంవత్సరములతరబడి ఆ సంస్థ పత్రముల నుండి ప్రశంసలనెత్తి వ్రాసినవారే గాని ఆ అంకెలను కూడి చూచినవారు అరుదు. పొగడ్త వ్రాయుటకు లెక్కలు రానక్కరలేదు. ప్రశ్న వేయుటకు రావలెను.

ఇప్పుడు 1998కే మరలి, హైదరాబాదునకు సుమారు నూరు కిలోమీటర్ల దూరముననున్న మాచునూరు గ్రామమునకు పోవుదము. ఇది జహీరాబాదు ప్రాంతమున, నాటి మెదకు జిల్లాలోనిది. నేడు సంగారెడ్డి జిల్లాలోనిది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అను సంస్థ ఆశ్రయమున ఆ ప్రాంతపు పేద దళితస్త్రీలు సంఘములుగా కూడి, జొన్నలు, కొర్రలు, విత్తనపు గంపలు మొదలైన తమ విషయములను తామే చెప్పుకొనుటకు రేడియోను కోరిరి. యునెస్కో సహాయముతో స్టూడియో సిద్ధమైనది. యంత్రములు వచ్చినవి; వానిని నడపనేర్చిన స్త్రీలును సిద్ధపడిరి. రానిది ఒక్కటే, అనుమతి! ఆకాశతరంగములు ప్రజల సొత్తని సర్వోన్నత న్యాయస్థానము 1995 ఫిబ్రవరిలోనే తీర్పు చెప్పియుండెను. అయినను ఆ సొత్తులో తమ పాలు దక్కుటకు ఆ స్త్రీలు పది సంవత్సరములు కాచుకొనిరి. అందాక తమ కార్యక్రమములను కేసెట్లపై నింపి, ఊరూర సంఘముల కూటములలో వినిపించుకొనిరి.

ఒకే సంవత్సరమున, ఒకే రాష్ట్రమున, రెండు కార్యములు. ఒకదానికి ప్రధానమంత్రి వచ్చెను. రెండవదానికి గుమాస్తా సంతకమైనను రాలేదు. మొదటిదానిని గూర్చి తెలియని తెలుగువాడు లేడు. రెండవదానిని గూర్చి తెలిసినవారెందరు?

అయినను ఆ అనుమతి ఊరక రాలేదు. 2000 సంవత్సరమున పస్తాపూరు గ్రామమున దేశదేశముల ప్రసారనిపుణులు కూడి సామాజిక రేడియోకు చట్టసమ్మతి కావలెనని ప్రకటన చేసిరి. సంస్థను నడపిన కీర్తిశేషులు పి.వి. సతీశ్‌గారును, గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు చెందిన ఆచార్య వినోద్ పావరాలగారును, మరికొందరు పత్రికారచయితలును పట్టువిడువక వ్రాసిరి, వాదించిరి. 2006 నవంబరులో కేంద్రప్రభుత్వము స్వచ్ఛందసంస్థలకు రేడియో అనుమతినిచ్చు విధానమును ప్రకటించెను. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలో పలికెను. పత్రికలును, పండితులును, పల్లెస్త్రీలును ఒక్క త్రాటిపై నడచినచో ఢిల్లీ నగరపు విధానమును కదలింపవచ్చుననుటకు ఇంతకన్న నిదర్శనమేమి కావలెను? అయితే ఆ విధానమున ఒక ముల్లు మిగిలినది. రేడియో పెట్టుకొనవచ్చును గాని వార్తలు చెప్పరాదని 2006 నిబంధన. పాట పాడవచ్చునట, గోడు వెళ్లబోసికొనరాదట! ఆ ముల్లును తీయుమని కోరుట పత్రికల విధి కాదా?

రెండవ నిదర్శనము అంతకన్న పెద్దది. ఫేస్‌బుక్ కంపెనీ భారతదేశమున తన తొలి కార్యాలయమును 2010లో హైదరాబాదుననే తెరచెను. 2015 ఫిబ్రవరిలో రిలయన్స్ కమ్యూనికేషన్సుతో కలిసి పేదలకు ఉచితముగా ఇంటర్నెట్టు నిత్తునని బయలుదేరి, మొదట ఆరు రాష్ట్రములను ఎన్నుకొనెను. అందు ఆంధ్రప్రదేశమును తెలంగాణమును గలవు. తరువాత దానికి ఫ్రీ బేసిక్సు అని పేరు మార్చెను. ధర్మమునకిచ్చిన ఆవుకు పండ్లు లేవని సణుగరాదని సామెత. కాని ఈ ఆవు పండ్లను లెక్కింపకతప్పదు. ఏలయన, ఉచితముగా దొరకునది ఇంటర్నెట్టు కాదు. ఆ కంపెనీ ఒప్పుకొనిన కొన్ని స్థలములు మాత్రమే. గ్రంథాలయము ఉచితమని పిలిచి, ఒక్క బీరువా తాళము మాత్రము తీసి, తక్కిన బీరువాల తాళపుచెవులు తన మొలను దోపుకొనినట్లు!

ఆ వ్యవహారమున పత్రికల నడవడి గమనింపదగినది. 2015 మార్చిలో టెలికాం నియంత్రణ సంస్థ ఇంగ్లీషున 118 పుటల చర్చాపత్రమును వెలువరించెను. దానిని చదువు ఓపిక సామాన్యునకు లేదు. మీడియానామా సంపాదకుడు నిఖిల్ పహ్వాగారును, ఆయన సహచరులును దానిని విడమరచి చెప్పిరి. జవాబులు వ్రాయు మార్గము చూపిరి. ఏప్రిలు నెలాఖరునకు ఆ సంస్థకు చేరిన ఉత్తరములు పది లక్షలను దాటినవి. ఎన్.డి.టి.వి. మొదలైన సంస్థలు ఆ ఉచితపథకము నుండి తొలగినవి. డిసెంబరులో కంపెనీ పత్రికలలో పూర్తి పుటల ప్రకటనలు కుప్పించెను. తన చందాదారులచే అచ్చుకొట్టిన జవాబులను పంపించెను. ఇది చేతులెత్తించి లెక్కించు వ్యవహారము కాదని నియంత్రణ సంస్థ ఆ కంపెనీకి నిర్మొగమాటముగా తెలిపెను. 2016 ఫిబ్రవరి 8న నిబంధన వెలువడెను: చూచు విషయమును బట్టి ధర మార్చరాదు, మార్చినచో దినమునకు 50 వేల రూపాయల చొప్పున, 50 లక్షల వరకు జుల్మానా. మూడు దినములకు కంపెనీ తన పథకమును మన దేశమున విరమించుకొనెను.

ఇందు మనము నేర్వదగినది స్పష్టము. ప్రకటనపుట అమ్ముడుపోవచ్చును, దానివలననే పత్రికకు కాగితము కొనుటకు డబ్బు వచ్చును. కాని ఆ పుటకును సంపాదకీయపు పుటకును నడుమ గోడ ఉండవలెను. గోడ నిలిచినచో లోకమున మిక్కిలి ధనవంతమైన కంపెనీలలో ఒకటి సామాన్యుల ఉత్తరముల ముందు తలవంచును. గోడ కూలినచో ఏ పుట ఎవరిదో పాఠకునకు తెలియదు. మరియొక సంగతి. ఆ మహాచర్చ దాదాపుగా ఇంగ్లీషున నడచినది. పథకము మొట్టమొదట ప్రవేశించినది మన పల్లెలలో; దాని మంచిచెడ్డలను తూచినవి ఢిల్లీ, బెంగుళూరు, బొంబాయి. ఆ 118 పుటల సారమును నాలుగు పుటల తెలుగున అచ్చువేసి ప్రతి పఠనాలయమునకు పంపియుండినచో, ఆ పది లక్షలలో మన పాలు ఎంత పెరిగియుండెడిదో!

మూడవ నిదర్శనము కన్నీరు తెప్పించునది. తెలంగాణ ప్రభుత్వము సమగ్ర వేదిక అను కంప్యూటరు పద్ధతిని 2016 ప్రాంతమున వాడసాగెను. వాహనముల పట్టీ, విద్యుత్తు బిల్లుల పట్టీ, ఆస్తుల పట్టీ మొదలగు అనేక శాఖల పట్టీలను కలిపి, ఎవరు పేదయో ఎవరు కాదో యంత్రము తేల్చును. కేంద్రప్రభుత్వపు 2018-19 ఆర్థిక సర్వే దీనిని మెచ్చుకొనెను. ఒకవంక మెప్పులు వచ్చుచుండగా, మరొకవంక రేషను దుకాణముల ముందు మనుష్యులు వట్టి సంచులతో వెనుదిరుగుచుండిరి. 2014కును 2019కిని మధ్య ఆ రాష్ట్రమున రద్దయిన ఆహారభద్రత కార్డులు 18 లక్షలకు మించినవి. ముందు నోటీసు లేదు. ఇంటికి వచ్చి విచారించినవారు లేరు. ఈ విషయము సర్వోన్నత న్యాయస్థానము వరకు పోగా, రద్దయిన కార్డులను మరల విచారింపుడని 2022 ఏప్రిలులో ఆజ్ఞ అయ్యెను. ఆ విధముగా పరిశీలించిన మొదటి 2 లక్షల పైచిలుకు అర్జీలలో 15 వేలకు పైగా కుటుంబములు అర్హులేయని తేలెను.

యంత్రము ఎట్లు తప్పినదో విప్పి చెప్పినది మాత్రము ఒక పత్రికా పరిశోధన. రిపోర్టర్స్ కలెక్టివ్ విలేఖరులు శ్రమించి సేకరించిన ఆ కథనమును అల్ జజీరా 2024 జనవరిలో ప్రచురించెను. రిక్షా లాగి బ్రతికి, నోటి కాన్సరు పాలైన ఒక హైదరాబాదువాసిని యంత్రము కారు యజమానిగా లెక్కవేసెను. పేరులో పోలిక గల మరియొకని కారు ఈతని ఖాతాలో పడెను. కారు రాలేదు గాని బియ్యము పోయెను. ఆ లెక్కవేయు పద్ధతిని చూపుడని విలేఖరులు సమాచారహక్కు చట్టము క్రింద అడుగగా, అది దానిని తయారుచేసిన కంపెనీ సొత్తని జవాబు వచ్చెను. పేదవాని అన్నమును కొలుచు కుంచము ప్రజలది కాదట! కుంచమును చూడనీయని దుకాణదారుని మనము సంతలో నమ్ముదుమా?

ఆ విలేఖరులకు మేము చేతులెత్తి నమస్కరించుచున్నాము. కాని ఒక మాట. ఆ కథనము పుట్టుటకు సంవత్సరములు పట్టినది. పుట్టినప్పుడు విదేశసంస్థ ఆశ్రయమున, ఇంగ్లీషున పుట్టినది. ఆ రిక్షాకార్మికుని ఇల్లు హైదరాబాదుననే యున్నది. రేషను దుకాణము ప్రతి వీధినున్నది. తెలుగు పత్రికకు అక్కడకు పోవుటకు విమానమక్కరలేదు. సిటీబస్సు చాలును.

పత్రిక కన్ను తెరచియున్నచో ఎంత త్వరగా ఫలితము కలుగునో 2025లో చూచితిమి. హైదరాబాదు విశ్వవిద్యాలయము ప్రక్కన కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరములను ఐటీ సౌధములకొరకు వేలము వేయదలచి, మార్చి నెలాఖరున, వరుస సెలవు దినములలో యంత్రములతో చెట్లు పడగొట్టింపసాగిరి. విద్యార్థులు అడ్డుపడిరి. వార్తలును ఛాయాపటములును దేశమంతట వ్యాపించెను. వానిని ఆధారము చేసికొని ఏప్రిలు 3న సర్వోన్నత న్యాయస్థానము తనంతట తానే విచారణ చేపట్టి, ఆ పనిని నిలిపివేసెను. అందులోను ఒక హెచ్చరిక కలదు. వ్యాపించిన చిత్రములలో కొన్ని కృత్రిమ మేధస్సుతో కల్పించినవని ప్రభుత్వము వాదించెను. అడవి నరకుట నిజము. ఒక్క కల్పితచిత్రము చేరినను ఆ నిజమునకు మసి అంటును. కావున పత్రిక ఎంత వేగముగా పరుగెత్తినను, చేతిలోని చిత్రము ఎక్కడిదో విచారించియే అచ్చువేయవలెను. నిజమును చెప్పువానికి అబద్ధపు సాక్ష్యము అక్కరలేదు.

ఇక పత్రికలు తరచుగా మూగవగుటకు హేతువులేమి? ఇంటిగుట్టు అని దాచుటవలన ప్రయోజనము లేదు. మొదటిది ప్రకటనల ఆశ. ప్రభుత్వమును పెద్ద కంపెనీలును ఇచ్చు ప్రకటనలపై ఆధారపడిన పత్రిక వారిని ప్రశ్నించుటకు ముందు రెండుమార్లు దగ్గును. రెండవది ఇండ్లస్థలముల ఆశ. హైదరాబాదు నగరపాలక పరిధిలో శాసనసభ్యులకును, అధికారులకును, న్యాయమూర్తులకును, పత్రికావిలేఖరులకును చౌకధరకు నేల కేటాయించిన ఉత్తర్వులను సర్వోన్నత న్యాయస్థానము 2024 నవంబరు 25న కొట్టివేసెను. చాలీచాలని జీతముతో జీవించు విలేఖరికి ఇల్లు వలదని మేమనము. ఆ జీతమును పెంచవలసినవారు పత్రికాధిపతులు. కాని నగరపు నేల పంపకమును గూర్చి వ్రాయవలసిన చేయి ఆ నేలకొరకే చాచబడియున్నచో, కలము ఎట్లు కదలును? వడ్డించువాడు మనవాడైన కడపంక్తి అయిననేమి అని కూర్చుండువాడు పంక్తిలోని అన్యాయమును చెప్పగలడా?

మూడవది పక్షపాతము. 2019 మార్చిలో మాదాపురములోని ఒక కంపెనీ చేతిలో ఆంధ్రప్రదేశ్ ఓటర్ల వివరములున్నవని సైబరాబాదు పోలీసులు కేసు పెట్టినప్పుడు, ఒక పత్రిక చదివినవానికి ఒక కథ, మరియొకటి చదివినవానికి వేరొక కథ దొరకెను. కోట్లకొలది ప్రజల వివరములు ఎవరెవరి చేతులకు ఎట్లు చేరునను అసలు ప్రశ్న ఇరుపక్షముల కేకలలో మునిగిపోయెను. ఎన్నికలు ముగిసిన పిదప కేకలును ముగిసెను. ప్రశ్న మాత్రము అట్లే మిగిలినది.

నాలుగవ అడ్డంకి నూతనముగా వచ్చినది. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును చేసెను. 2025 నవంబరులో దాని నిబంధనలు వెలువడెను. కంపెనీలు మన వివరములను దోచుకొనకుండ కాపాడు చట్టము కావలసినదే. కాని 2018లో న్యాయమూర్తి శ్రీకృష్ణగారి సంఘము సిద్ధపరచిన ముసాయిదాలో పత్రికాపరిశోధనకు చూపిన మినహాయింపు ఈ చట్టమున కానరాదు. పైగా దీని 44వ సెక్షను సమాచారహక్కు చట్టమును సవరించినది. వ్యక్తిగతమను పేరు పెట్టి సమాచారమును నిరాకరించుట పూర్వము కన్న సులభమైనది. ప్రజాహితము కొరకు ఇవ్వవచ్చునను మరియొక ఉపసెక్షను మిగిలియున్నమాట నిజమే. కాని తలుపు మూసి కిటికీ ఉన్నదిగదా అనుట వంటిది అది. రేపు మరియొక సమగ్ర వేదిక మరియొక రిక్షాకార్మికుని నోటిముందరి కూడు తీసినచో, ఏ కార్డులు ఎందుకు రద్దయినవో పట్టీ ఇమ్మని విలేఖరి అడుగును. అది వ్యక్తిగతమని అధికారి చెప్పును. దొంగకు వేసిన సంకెల కావలివానికి తగిలినట్లు కాకూడదు.

దీనిపై రెండు ఆక్షేపణలు వినబడును. యంత్రవిద్య నిపుణులది, పత్రికలవారికి ఏమి తెలియునని కొందరు. మేమందుము: వంతెన కట్టు గణితము ఇంజనీరునకే తెలియును, వంతెనపై బండి దిగబడిన సంగతి బండివానికే ముందు తెలియును. కారు లేనివానికి కారున్నదని వ్రాసిన యంత్రము తప్పినదని చెప్పుటకు గణితశాస్త్రము రానక్కరలేదు. విమర్శించినచో పెట్టుబడులు పొరుగు రాష్ట్రమునకు పోవునని మరికొందరు. ప్రశ్నకు జవాబు చెప్పలేక పారిపోవు పెట్టుబడి నిలిచియుండినను మనకు ఒరుగునదేమి? సత్యం కంపెనీని సకాలమున ప్రశ్నించియుండినచో వాటాదారులు మునిగెడివారు కారు.

ఈ మాటలు పాతకథలకై చెప్పుట లేదు. 2025 అక్టోబరు 14న గూగుల్ కంపెనీ విశాఖపట్టణమున 5 సంవత్సరములలో 1500 కోట్ల డాలర్లు వెచ్చించి కృత్రిమ మేధస్సు కేంద్రమును నిర్మింతుమని ప్రకటించినది. సంతోషింపదగినదే. కాని 1998 నాటి బాజాలే మరల వినబడుచున్నవి. అట్టి కేంద్రములకు విద్యుత్తు విస్తారముగా కావలెను. వేడి చల్లార్చుటకు నీరు కావలెను. ఆ విద్యుత్తు ఏ ధరకు? ఆ నీరు ఏ జలాశయము నుండి? నేల ఎవరిది? రాయితీ ఎంత? కట్టుట ముగిసిన పిదప నిలిచియుండు ఉద్యోగములెన్ని? ఈ ఐదు ప్రశ్నలు శత్రుత్వముతో వేయునవి కావు. పిల్లనిచ్చువాడు పెండ్లికొడుకు కులగోత్రములును, భూవసతియు విచారించుట శత్రుత్వమా?

మా కోరికలు కొన్నియే. ప్రతి తెలుగు దినపత్రికయు టెలికాం నియంత్రణ సంస్థయు కేంద్రమంత్రిత్వశాఖలును వెలువరించు చర్చాపత్రములను, గడువు ముగియకముందే, సులభమైన తెలుగున సంగ్రహించి ప్రచురింపవలెను. ప్రభుత్వము ఏ యంత్రము మీదనైనను పేదవాని హక్కును తూచునప్పుడు ఆ తూకపు పద్ధతియు, అందలి తప్పుల లెక్కయు బహిరంగపరచవలెనని పత్రికలన్నియు ఏకకంఠమున కోరవలెను. సమాచారరక్షణ చట్టమున పత్రికాపరిశోధనకు మినహాయింపు సాధింపవలెను. సామాజిక రేడియోలకు వార్తలు చెప్పుకొను స్వాతంత్ర్యము కావలెను. ఏ కంపెనీ నుండి, ఏ ప్రభుత్వము నుండి ఎంత ప్రకటనధనము వచ్చినదో ప్రతి పత్రికయు సంవత్సరమునకొకసారి తన పుటలలోనే అచ్చువేయవలెను. ఇతరుల లెక్కలడుగువారు తమ లెక్క చూపుటకు జంకరాదు.

పాఠకమహాశయులకును ఇందు పని కలదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినప్పుడు, తెలుగు చదువుటయే సాహసముగా నుండెను. నైజాము పాలనలో 1926న గోలకొండ పత్రికను స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారికి ఇంటర్నెట్టు లేదు, పెట్టుబడి లేదు, చదువరులుండిరి. 1948 ఆగస్టులో ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్ తన వ్రాతకు ప్రాణమునే మూల్యముగా చెల్లించెను. ఆ చదువరుల మనుమలు నేడు సైబరాబాదు మేడలలో యంత్రములకు బుద్ధి నేర్పుచున్నారు. ఆ యంత్రములు ఎవరికి ఊడిగము చేయవలెనో నిర్ణయించు శాసనములను చదువుట వారికి అసాధ్యమా? ప్రతి పఠనాలయమునను వారమునకొక సాయంకాలము ఒక చర్చాపత్రమును తెలుగున చదివి, నలుగురు కలిసి ఒక జవాబు వ్రాసి పంపుదురుగాక. పది లక్షల ఉత్తరములు ఒక విధానమును మార్చినవి. పదునొకటవ లక్ష మన జిల్లాల నుండి లేవవలెను.

అద్దాల మేడలో లోపలివారికి వెలుపలిది కనబడును; వెలుపలివారికి లోపలిది కనబడదు. ఆ అద్దమును ఇరువైపుల నుండి చూడదగినట్లు తుడుచుటయే పత్రికకు వృత్తి. ఆ గుడ్డను కలకాలము చేతబట్టియుండుడని తోటి పత్రికలను, అది పట్టని పత్రికలను నిలదీయుడని పాఠకులను వేడుకొనుచున్నాము.